ఆధార్‌లో నెల్లూరున్నా లోకల్ కాకపోవచ్చు

మాది మైపాడు. నాయన చెన్నై కాశిమేడులో బోటుకి పోతా ఉంటే, నేనూ ఆడే తొమ్మిది, పది చదివినా. ఇంటర్‌కి నెల్లూరొచ్చినా. ఈఏపీసెట్ కౌన్సెలింగులో నన్ను నాన్‌లోకల్ అన్నారు. పుట్టిందీ, రేషన్‌కార్డూ ఈడేనన్నా లెక్కలోకి రాలా.

1974 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో రూలిది: ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు వరసగా మన ఎస్వీయూ ఏరియాలో చదివుండాల. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. ఆ నాలుగేళ్లలో బడికి పోనోళ్లకైతే నివాసం చూస్తారు.

అమ్మ పదేళ్లుగా ఊళ్లోనే ఉందని తాసిల్దారు సర్టిఫికెట్ ఇస్తే, మిగతా 15 శాతంలో పోటీపడినా. అదీ తప్పితే మేనేజ్‌మెంట్ సీటే, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు.

మీ ఇంట్లో ఎవరన్నా తొమ్మిదో తరగతికి రాష్ట్రం దాటతా ఉంటే, ముందే ఈ నాలుగేళ్ల లెక్క చూసుకోండి.