గుర్రం మీద జాలి, కావడి మీద నిషేధం



మా అమ్మ మోకాళ్లు అరగ్గొట్టింది బెజవాడ కొండ మెట్లు. కింద కుళాయి దగ్గర నింపుకున్న బిందెలు, నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని పైకెక్కేది. కింద గజం జాగా కొనలేని వాళ్లం కాబట్టే కొండ మీద ఇల్లు కట్టుకున్నాం. అందుకే ఏటవాలు వీధి గురించి ఎక్కడ చదివినా నాకొచ్చే మొదటి ప్రశ్న ఒకటే: దీన్ని బరువుతో ఎక్కిందెవరు?

పోయిన వారం శాన్‌ఫ్రాన్సిస్కోలో చదువుకుంటున్న మన తమ్ముడొకడు ఫిల్బర్ట్ స్ట్రీట్ ఫొటో పంపాడు. "అన్నా, పైనుంచి కారు దింపుతుంటే ముందు రోడ్డే కనపడదు" అన్నాడు. హైడ్, లెవెన్‌వర్త్ వీధుల మధ్య ఆ ముక్క వాలు 31.5 శాతం. అంటే నూరడుగులు ముందుకు పోతే ముప్పై ఒకటిన్నర అడుగులు పైకి లేస్తుంది. పర్యాటకులు దాన్ని చూసి మురిసిపోతారు. నేను ఆ వాలు చరిత్ర వెతుక్కుంటూ పోయాను. దొరికింది మీ ముందు పెడుతున్నాను.

ముందు ఒక సంగతి. కొండ ప్రకృతిది, వీధి మనిషిది. 1847లో జాస్పర్ ఓఫారెల్ అనే సర్వేయరు ఆ ఊరి పటం గీశాడు. చదరంగం బల్లలా నిలువు గీతలు, అడ్డ గీతలు. కొండ ఎదురైతే గీత పక్కకి తిరగలేదు, తిన్నగా మీదికెక్కింది. గళ్లుగా కోస్తే స్థలాలు అమ్ముకోవడం తేలిక. కాగితం మీద గీత గీసినవాడికి ఆయాసం రాదు. ఆ గీత మీద మూట మోసేవాడికే వస్తుంది.

ఆ వీధుల్లో గుర్రాలు బండ్లు లాగలేక చచ్చేవి. 1869లో ఒక రోజు తడిరాళ్ల మీద గుర్రాలు జారి, బండి వెనక్కి ఈడ్చుకుపోయి చనిపోయాయని, అది చూసి ఆండ్రూ హాలిడీ మనసు కరిగిందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. హాలిడీది ఇనుప తాళ్లు చేసే వ్యాపారం. గనులకు అమ్మేవాడు. ఆ తాడునే వీధి కింద నిరంతరం తిప్పి, దాన్ని పట్టుకుని పైకెక్కే బండి తయారు చేశాడు. 1873 ఆగస్టులో క్లే స్ట్రీట్ మీద మొదటి కేబుల్ కారు నడిచింది. కెర్నీ వీధి దగ్గర బయలుదేరి 2,800 అడుగుల దూరంలో 307 అడుగుల ఎత్తుకెక్కేది.

మంచిదే. గుర్రం మీద జాలిని నేను ఎగతాళి చేయను. కానీ ఆ కారు చైనాటౌన్ మీదుగానే కొండెక్కింది. అక్కడి మనుషుల సంగతి ఏమిటి?

చైనా చాకలివాళ్లు, కూరగాయలమ్మేవాళ్లు ఆ వాలు వీధుల్లో గుమ్మం గుమ్మానికీ కావడి మీద బరువు మోసేవాళ్లు. అచ్చం మన కావడే: భుజాన బద్ద, రెండు పక్కలా బుట్టలు. 1870లో నగర పాలకమండలి ఒక నిబంధన తెచ్చింది. కాలిబాట మీద కావడితో నడవకూడదు. అందులో చైనా అనే మాటే లేదు. అవసరం ఏముంది? ఆ ఊళ్లో కావడి మోసేది వాళ్లే కదా.

కేబుల్ కారు నడిచిన అదే 1873లో ఇంకో నిబంధన. బట్టలుతికే దుకాణాలకు మూడు నెలలకో లైసెన్సు రుసుము. ఒక గుర్రపు బండి ఉన్న దుకాణానికి నామమాత్రం. బండీ గుర్రం లేక కాళ్ల మీద మోసేవాడికి 15 డాలర్లు. మళ్లీ చదవండి. గుర్రం పడే కష్టం తీర్చడానికి యంత్రం పుట్టిన ఏడాదే, గుర్రం కొనుక్కోలేని మనిషి మీద ఎక్కువ పన్ను పడింది.

ఇక కొండ పైభాగం. కారు రాకముందు ఎక్కడమే కష్టమైన నాబ్ హిల్, కారు వచ్చాక కోటీశ్వరుల చిరునామా అయింది. సెంట్రల్ పసిఫిక్ రైల్వే యజమానులు స్టాన్‌ఫర్డ్, క్రాకర్ వంటివాళ్లు అక్కడ భవనాలు లేపారు. 1878లో స్టాన్‌ఫర్డ్ కాలిఫోర్నియా స్ట్రీట్ మీద తన సొంత కేబుల్ లైనే వేయించాడు. ఆ సంపద ఇచ్చిన రైలు మార్గాన్ని పర్వతాలు తొలిచి వేసింది వేలాది చైనా కూలీలు. తెల్ల కూలీలకు జీతంతో పాటు భోజనం కంపెనీదే. చైనా కూలీలు తమ తిండి తామే కొనుక్కోవాలి. రైలు పూర్తయింది 1869లో. యజమానులు కొండెక్కారు, కూలీల జనం కొండ వాలున కింద ఇరుకు గదుల్లో మిగిలింది.

మా బెజవాడలో పేదలు పైన, డబ్బున్నవాళ్లు కింద. అక్కడ డబ్బున్నవాళ్లు పైన, పేదలు కింద. కాబట్టి ఎత్తులో ఏ గొప్పా లేదు, పల్లంలో ఏ తక్కువా లేదు. నీళ్లూ బండీ ఎవరి దగ్గరికి పోతాయో అదే మంచి చోటు అవుతుంది.

వాళ్లు ఊరుకోలేదు. 1880లో చెక్క కట్టడాల్లో లాండ్రీ నడపాలంటే అనుమతి కావాలన్నారు. కారణం అగ్నిప్రమాదం. ఊళ్లో దాదాపు 320 లాండ్రీల్లో 310 చెక్కవే, సుమారు 240 చైనావాళ్లవి. దరఖాస్తు చేసిన 200 మంది చైనావాళ్లకూ నిరాకరణే. ఇతరులకు దాదాపు అందరికీ అనుమతి. 22 ఏళ్లుగా దుకాణం నడిపిన ఒకాయన జైలుకు పోయి సుప్రీంకోర్టు దాకా కొట్లాడాడు. అదే 1886 నాటి యిక్ వో కేసు. చట్టం మాటల్లో సమానంగా కనిపించినా, అమలులో ఒక జాతిని తొక్కితే అది సమానత్వం కాదని కోర్టు తేల్చింది. న్యాయవిద్యార్థులు ఈ కేసు తప్పక చదవండి. అయితే 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం అప్పటికే అమల్లో ఉంది. దుకాణం గెలిచింది, వలస తలుపు మూసే ఉంది.

ఇదంతా పాత కథ అనుకోకండి. అదే కాలిఫోర్నియాలో మనవాళ్లు చదువులకీ ఉద్యోగాలకీ పోయారు, కులాన్నీ వెంట తీసుకుపోయారు. కులవివక్షను పేరుపెట్టి నిషేధించాలని దళితులు అడిగితే, 2023లో ఎస్‌బీ 403 బిల్లు ఉభయ సభలూ దాటింది. అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. ఉన్న చట్టాలే చాలు, కొత్తది అక్కర్లేదన్నది ఆయన కారణం.

చైనా పేరెత్తకుండానే కావడి నిబంధన చైనావాళ్లను తొక్కగలిగింది. మరి కులం పేరెత్తకుండా చట్టం కులాన్ని పట్టుకోగలదా? తొక్కేటప్పుడు పేరు అక్కర్లేదు. కాపాడాలంటే పేరు కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఏ నిబంధన చదివినా అందులో మన పేరు ఉందా అని మాత్రమే వెతక్కండి. కావడి ఎవరి భుజాన ఉందో కూడా చూడండి. మీ ఊళ్లో ఏటవాలు వీధి ఎక్కడుంది, అక్కడ నీళ్లు ఎవరు మోస్తారు? కింద రాయండి.

వచ్చే భాగంలో 1867లో ఆ రైలు కూలీలు చేసిన సమ్మె గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.