బండి ఆయువు, పత్రపు గడువు

వాహనముల చరిత్ర యనగానే మనకు వేగమును, దూరమును, క్రొత్త యంత్రములును తలపునకు వచ్చును. పాతబడిన బండి ఇంకను దారికెక్కదగునా, తగదా యని తేల్చుటకు మానవుడు పడిన పాట్లకును ఒక చరిత్ర కలదు. నేటి నా ప్రసంగము దానిని గూర్చినదే.

మా దూలపల్లి హైదరాబాదునకు ఉత్తరమున, కొంపల్లికి చేరువనున్న గ్రామము. అటవీశాఖవారి శిక్షణాలయము వలన దాని పేరు వినినవారు కొందరుందురు. తెల్లవారునప్పటికి బడిపిల్లలతోను, జీడిమెట్ల కర్మాగారములకు పోవు పనివారితోను వ్యానులు ఈ ప్రాంతపు బాటలను పట్టును. వానిలో కొన్ని లక్షల కిలోమీటర్లు తిరిగినవి. యజమానిని ప్రశ్నించినచో ఫిట్‌నెస్ పత్రము చూపును. తలిదండ్రులు గడువు తేదీని చూచి నిశ్చింతతో మరలుదురు. ఆ నిశ్చింతకు ఆధారమెంత?

ఈ ప్రశ్న మోటారు పుట్టిన తరువాత పుట్టినది కాదు. చరకసంహిత విమానస్థానమున, మూడవ అధ్యాయమున, ఆత్రేయుడు అగ్నివేశునకు మనుష్యుని ఆయువును వివరించుచు బండి ఇరుసును ఉపమానముగా గైకొనెను. మంచి ఇరుసు తగిన రీతిని నడపబడినచో తన కాలము నిండిన పిదప సహజముగ అరుగును. అదియే అధికభారము వలనను, మిట్టపల్లముల దారి వలనను, తోలువాని దోషము వలనను, చీల ఊడుట వలనను, కందెన లేమి వలనను నడుమనే విరుగును. వైద్యుడు దేహమును గూర్చి చెప్పిన మాట బండికే ముందు వర్తించును. ఇరుసు ఆయువును నిర్ణయించునది పుట్టిన సంవత్సరము మాత్రమే కాదు. అది మోసిన బరువు, నడచిన దారి, పొందిన పోషణయును.

ఇక మన ప్రాంతమునకు వత్తము. నిజాము రాజ్యమున 1932లో రైల్వే సంస్థ తన క్రిందనే రోడ్డు రవాణా శాఖను స్థాపించినది. ఆరంభమున దానికి 27 బస్సులును, 166 మంది ఉద్యోగులును ఉండిరి. ఆనాటి ఆల్బియను బస్సులను గూర్చి పెద్దలు నేటికిని ముచ్చటింతురు. రైలువారికి ఒక మంచి అలవాటు కలదు. బండి స్టేషనులో నిలువగానే పరీక్షకుడు సుత్తి చేతబట్టి చక్రములను తట్టుచు పోవును. గట్టి చక్రము గంటవలె మ్రోగును, పగిలినది బొంగురుపోవును. అక్కడ పరీక్ష యనునది ఏటికొకనాటి తంతు కాదు, దినచర్య.

చట్టము వేరొక మార్గమున నడచినది. బ్రిటిషు ఇండియాలో 1939 నాటి మోటారు వాహనముల చట్టము, రవాణా బండికి ఫిట్‌నెస్ పత్రము లేనిచో దాని రిజిస్ట్రేషను చెల్లదని విధించినది. స్వతంత్ర భారతమున 1988లో వచ్చిన చట్టపు 56వ సెక్షనును ఆ సూత్రమునే నిలిపినది. 2018 నాటి సవరణ ననుసరించి, ఎనిమిదేండ్లలోపు రవాణా వాహనమునకు పత్రము రెండేండ్లు చెల్లును. ఆపైన ఏటేట పరీక్ష జరుగవలెను. సొంత వాడుక కారునకైనచో మొదటి రిజిస్ట్రేషను పదునైదేండ్లు, అటుపిమ్మట పరీక్షించి అయిదేండ్ల చొప్పున పొడిగింపు.

ఈ లెక్కలన్నియు ఏండ్లతో కట్టినవే యని శ్రోతలు గమనింపవలెను. దినమునకు 150 కిలోమీటర్ల చొప్పున 300 దినములు తిరుగు వ్యాను ఒక్క ఏట 45,000 కిలోమీటర్లు నడచును. భూగోళపు చుట్టుకొలతయే సుమారు 40,000. అనగా రెండు పరీక్షల నడుమ ఆ వ్యాను భూప్రదక్షిణ పూర్తిచేసి ఇంకను సాగినట్లు. అదే వయసుగల వేరొక వ్యాను దినమునకు 20 కిలోమీటర్లే నడచినచో ఏటికి 6,000 మాత్రమే. ఈ రెంటి బ్రేకు పలకలును, స్టీరింగు కీళ్లును ఒక్క రీతిని అరుగునా? పత్రము మాత్రము రెంటికిని ఒక్క గడువునే ఇచ్చును.

ఇంగ్లండులోను ఇట్టి చిక్కే కలిగినది. అచ్చట 1960 సెప్టెంబరు 12న, పదేండ్లు దాటిన బండ్లకు బ్రేకులు, దీపములు, స్టీరింగు చూచు పరీక్ష ఆరంభమైనది. పదేండ్ల హద్దు మరుసటి ఏటనే ఏడేండ్లకు, 1967లో మూడేండ్లకు దిగినది. అనుభవము హద్దును క్రిందికి లాగినదన్నమాట. అక్కడి ప్రభుత్వము ఇంకొక మాటను దాపరికము లేక చెప్పును: ఆ పత్రము పరీక్షించిన వేళ బండి ఎట్లుండెనో దానినే తెలుపును, రేపటికి పూచీ పడదు. అయితే అక్కడ పరీక్షించు షెడ్డువారే మరమ్మతును చేయవచ్చును. లేని లోపమును చూపి సొమ్ము గుంజుదురేమో యను శంకకు అది తావిచ్చును.

మన దేశమున శంక మరొక వైపునుండి వచ్చినది. ఇన్‌స్పెక్టరు కంటిచూపుపైనను, చిత్తముపైనను పరీక్ష ఆధారపడియుండెను. ఒక్క మనిషి ఒక్క పూటలో ఎన్ని బండ్ల అడుగున దూరి చూడగలడు? అందుచేత 2021 సెప్టెంబరులో యంత్ర పరీక్షా కేంద్రములకు కేంద్ర ప్రభుత్వము నియమములు ప్రకటించినది. ఆ కేంద్రమువారు మరమ్మతులు చేయరాదు. యంత్రపు దొర్లుడు చక్రములపై బండి నిలిచి బ్రేకు వేయగా ఏ చక్రమునకు ఎంత పట్టు కలదో అంకెలలో తేలును. ఎడమకును కుడికిని పట్టు తేడాయైనచో తడి రోడ్డుపై బండి ఒకవైపునకు లాగుకొనిపోవును. దీనిని కంటితో కనుగొనుట దుర్ఘటము. నిర్బంధ పరీక్షకు మొదట విధించిన గడువులను తరువాత పొడిగించిరి.

యంత్రము లంచమడుగదు, అలసిపోదు, నిజమే. కాని అదియు ఆనాటి బండినే చూచును. పరీక్షకని మంచి టైర్లను అరువు తెచ్చి తగిలించి, ఇల్లు చేరగానే విప్పువారిని గూర్చి మెకానిక్కులే చెప్పుదురు. వేసవిలో, బడులు తెరవకమునుపు, ఎండిన నేలపై నెగ్గిన వ్యాను శ్రావణపు వానలో ఎట్లు నిలుచునో పత్రమున వ్రాసియుండదు. బరువును సైతము పత్రము తూచదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో లోయలోనికి ఒరిగిన బస్సులో నూరుమందికి పైగా జనముండిరి. అరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. అధికభారమును గూర్చిన ఆత్రేయుని హెచ్చరిక నాడు ఎవరికి జ్ఞప్తికి వచ్చెను?

కావున పత్రము వ్యర్థమని నా తాత్పర్యము కాదు. పత్రము లేని బండికన్న ఉన్న బండి మేలు. అది కనీసపు హద్దు. అంతకు మించిన భారమును దానిపై మోపరాదు. చట్టమే ఆ సంగతి నెరుగును. 1988 చట్టపు 190వ సెక్షను ప్రకారము, బండిలోని ప్రమాదకర లోపము తెలిసియు, లేక సాధారణ శ్రద్ధతో చూచినచో తెలిసెడిదైయుండియు, దానిని నడపినవాడును, నడపనిచ్చినవాడును శిక్షార్హులు. పత్రమున్నంతనే శ్రద్ధ మానవచ్చునని చట్టము ఎక్కడను చెప్పలేదు.

ఆ శ్రద్ధ ఖర్చుతో కూడినది కాదు. తెల్లవారి బండి నిలిచిన చోట నేలపై నూనె మరకయున్నదా? బ్రేకు త్రొక్కిన కాలు నిన్నటికంటె లోతుకు దిగుచున్నదా? స్టీరింగు కదలినను చక్రము కదలక తడయుచున్నదా? డ్రైవరు వీనిని నిమిషములలో చూడగలడు. యజమాని ఒక చిన్న పుస్తకమున కిలోమీటర్ల అంకెను, మార్చిన భాగములను, తేదీలను వ్రాసియుంచవలెను. తలిదండ్రులు ఇకమీదట “పత్రమున్నదా?” యని అడిగి ఊరకుండక, “పరీక్ష నాటినుండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినది? అటుపిమ్మట బ్రేకులు విప్పి చూచినది ఎన్నడు?” అనియు అడుగవలెను. సమాధానము పుస్తకమున దొరకినచో పిల్లను ఎక్కింపుడు. దొరకనిచో, అది వ్రాయువరకు అడుగుచునే యుండుడు.