స్వచ్ఛందంలో ఛందం

విజయవాడ ఆటోనగర్‌లో మా బావకి బోల్టులు చేసే చిన్న షెడ్డు ఉంది. ఆమధ్య ఆయన దగ్గర సరుకు కొనే ఒక పెద్ద కంపెనీ ఫారం పంపింది. కరెంటు ఎంత వాడారు, డీజిల్ ఎంత కాల్చారు, దానివల్ల ఎంత కార్బన్ గాల్లో కలిసింది, ఇవీ ప్రశ్నలు. ఇవ్వడం మాత్రం స్వచ్ఛందమట. బావ ఆ మాట మీద వేలు పెట్టి, "ఇవ్వకపోతే మళ్లీ ఆర్డరు వస్తుందంటావా?" అన్నాడు.

స్వచ్ఛందం స్వచ్ఛానికి చుట్టమని చాలామంది అనుకుంటారు. కాదు. స్వచ్ఛం అంటే సు, అచ్ఛం, చక్కగా తేటపడినది. స్వచ్ఛందం అంటే స్వ, ఛందం, తన ఇష్టం. 'స్వ' పక్కన 'ఛ' చేరేసరికి సంస్కృత సంధి నడుమ ఒక చకారాన్ని తెచ్చిపెట్టింది. అలా ఏ సంబంధమూ లేని రెండు మాటలకు ఒకే పోలిక వచ్చింది.

వ్యాపారంలోనూ ఇదే పొరపాటు జరుగుతోంది. తనంతట తాను లెక్క చెప్పాడు గనక చేతులు శుభ్రమే అనుకుంటాం. ఎక్కడో చెట్లు నాటేందుకు డబ్బు కట్టి, ఇక్కడ సరుకు మీద 'కార్బన్ న్యూట్రల్' ముద్ర వేసుకున్నా నమ్ముతాం. అలాంటి పరిహారాన్ని చూపించి వస్తువు మీద ఆ మాట వాడటానికి 2026 సెప్టెంబరు 27 నుంచి ఐరోపా సమాఖ్యలో వీల్లేదు. మంచి పని.

మన స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2023లో, పెద్ద లిస్టెడ్ కంపెనీలు 250 తమకు సరఫరా చేసేవాళ్ల కార్బన్ వంటి వివరాలు కూడా చెప్పాలని, లేదంటే ఎందుకు చెప్పలేదో వివరించాలని నిర్ణయించింది. 2025 మార్చిలో దాన్ని స్వచ్ఛందం చేసింది. ఆ ఏడాదే జులై 30న ఐరోపా కమిషన్ చిన్న సంస్థల కోసం వీఎస్‌ఎంఈ అనే నివేదిక నమూనాను సిఫారసు చేసింది. అదీ స్వచ్ఛందమే. ప్రాథమిక భాగంలో 11 అంశాలు. కొనేవాళ్లు తలో ఫారం పంపి చంపకుండా, ఒక్క నివేదికతో అందరికీ జవాబు చెప్పే వీలు కల్పించాలన్నది దాని ఉద్దేశం. బావలాంటి వాళ్లకి కావలసింది ఇదే.

మళ్లీ మాట దగ్గరికి వస్తాను. అమరకోశం ఛందస్సుకు పద్యమనీ, కోరిక అనీ రెండర్థాలు చెబుతుంది. ఇష్టానికీ కొలతకీ ఒకే మాట! ఆటవెలది రాయమని కవిని ఎవరూ బలవంతపెట్టరు. ఎత్తుకున్నాక మాత్రం మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు పడాల్సిందే. మొదలుపెట్టడం వరకే ఇష్టం. నాకు స్వచ్ఛందం అనే మాటలో ఇప్పుడు ఈ రెండూ వినిపిస్తున్నాయి.

ఆదివారం ఇద్దరం ఆ కంపెనీ ఫారం ముందేసుకుని కూర్చున్నాం. కరెంటు బిల్లులు వరసగా ఉన్నాయి. ఒక నెల 3,860 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వేసుకుంటే 2.7 టన్నులు. (బొగ్గుపులుసు! కార్బన్ డయాక్సైడ్‌కి మన పాత పుస్తకాలు పెట్టిన ఈ పేరు పోగొట్టుకోకూడదు. వస్తువూ గుణమూ రెండూ అందులోనే ఉన్నాయి.) డీజిల్ లీటరుకి దాదాపు 2.7 కిలోలు అంటే బావ నమ్మలేదు. "లీటరు డీజిల్ కిలో కూడా తూగదు కదయ్యా!" నిజమే. కాలేటప్పుడు గాల్లోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, ఆ బరువూ అందులోదే.

చిక్కంతా డీజిల్ దగ్గరే వచ్చింది. క్యాన్లలో తెచ్చి జనరేటర్‌లో పోసేవాళ్లు. బంకు రసీదులు సొరుగులో ఉన్నాయి గానీ సగానికి పైగా అచ్చు వెలిసి తెల్లకాగితాలయ్యాయి. నెలకి వంద లీటర్లని వేసేస్తే అడిగేవాడు లేడు. బావ పెన్ను పట్టుకుని చాలాసేపు ఆ గడినే చూశాడు. చివరికి వంద వేసి, పక్కన "అంచనా, రసీదులు లేవు" అని రాశాడు.

మొన్న వెళ్తే జనరేటర్ పక్కన గోడకి మేకు కొట్టి, పురికొసతో ఒక నోటుబుక్కు వేలాడదీసి ఉంది. మొదటి పేజీలో తేదీ, 20 లీటర్లు, పోసిన కుర్రాడి పొడి సంతకం. అంచున నూనె వేలిముద్ర.