కారు రంగు పాలిష్

కారు రంగు పాలిష్ అనగా కారు పైపూత మీద ఏర్పడిన సన్నని గీతలను, నీటి మరకలను, వెలిసినతనాన్ని మెత్తని రాపిడి పదార్థంతో అరగదీసి పూతకు తిరిగి నిగారింపు తెచ్చే పని. వృత్తిలో ఉన్నవారు దీనిని పెయింట్ కరెక్షన్ అని కూడా వ్యవహరిస్తారు. గీతను దేనితోనో పూడ్చడం ఇందులోని పద్ధతి కాదు. గీత అడుగు దాకా దాని చుట్టూ ఉన్న పూతను తగ్గించి ఉపరితలాన్ని సమం చేస్తారు. అందువలన పాలిష్ చేసిన ప్రతిసారీ పూత కొంత తరుగుతుంది. తరిగిన పూత తిరిగి రాదు. కాబట్టి పాలిష్‌కు ముందు, మధ్యలో, తరువాత కారును ఎప్పుడు కడగాలన్నది పాలిష్ యంత్రం ఎంపిక కంటె ముఖ్యమైన ప్రశ్న.

పూత నిర్మాణం

నేటి కార్ల రేకుపై తుప్పు నిరోధక పూత, ప్రైమరు, రంగు, దానిపైన రంగులేని క్లియర్ కోటు వరుసగా ఉంటాయి. ఇవన్నీ కలిసి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం ఉంటాయి. అందులో క్లియర్ కోటు వాటా సుమారు 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే తల వెంట్రుక మందం కంటె తక్కువ. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఈ పొరలోనే ఉంటాయి. దానిని అతిగా అరగదీస్తే కొన్నేళ్ళకు బానెట్, పైకప్పు మీద పూత తెల్లబారి పొలుసులుగా లేస్తుంది. అప్పుడు మళ్ళీ రంగు వేయించడం తప్ప మార్గం లేదు. పాత అంబాసిడర్ వంటి కార్లకు క్లియర్ కోటు ఉండేది కాదు. వాటిని రుద్దిన గుడ్డకు కారు రంగే అంటుకునేది.

కారు రంగుకు ఉత్తర తెలంగాణతో ఒక చిత్రమైన సంబంధం ఉంది. అమెరికాకు చెందిన డ్యూపాంట్ సంస్థ తయారు చేసిన డ్యూకో అనే త్వరగా ఆరే రంగును జనరల్ మోటార్స్ 1923లో ఓక్లాండ్ కార్లకు వాడింది. నిర్మల్ చిత్రకళలో వాడే రంగులకు కూడా డ్యూకో అనే పేరే స్థిరపడింది. కార్ల కోసం పుట్టిన ఆ పేరు నిర్మల్ చిత్రాల వలన కూడా తెలుగువారికి పరిచితం. నిర్మల్ బొమ్మల తయారీలోనూ పొనికి కర్రను నునుపు చేసి, పొడి దులిపిన తరువాతనే రంగు వేస్తారు.

స్థానిక పరిస్థితులు

పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలను 2016 అక్టోబరు 11న పలు జిల్లాలుగా విభజించారు. ఈ ప్రాంతంలో కారు మీద పేరుకునే దుమ్ము అంతటా ఒకే రకంగా ఉండదు. కరీంనగర్ చుట్టుపక్కల టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ రకాల గ్రానైటు క్వారీలు ఉన్నాయి. గ్రానైటులోని క్వార్ట్‌జ్ కాఠిన్యం మో మాపకంపై 7. క్లియర్ కోటును గీయడానికి అది అవసరమైన దానికంటె చాలా ఎక్కువ. గోదావరిఖని, శ్రీరాంపూర్, మందమర్రి ప్రాంతాలలో సింగరేణి బొగ్గు ధూళి, రామగుండం, జైపూర్ విద్యుత్ కేంద్రాల పరిసరాలలో బూడిద, బసంత్‌నగర్ వైపు సిమెంటు ధూళి తోడవుతాయి. సిమెంటు ధూళి మంచుకు తడిసి ఆరితే పూతపై గట్టి పెంకులా పట్టుకుంటుంది. కాబట్టి దానిని తడి గుడ్డతో తుడవడం పనికిరాదు. మొదట పొడిగా ఉన్నప్పుడే గాలితో ఎగరగొట్టి, తరువాత ధారాళంగా నీళ్ళు వదలాలి.

వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెల్సియస్ దాటడం అరుదు కాదు. ఎండలో నిలిపిన కారు రేకు అంతకంటె చాలా వేడిగా ఉంటుంది. వేడి రేకు మీద బోరు నీళ్ళు పోస్తే నీరు క్షణాల్లో ఆవిరై, అందులోని సున్నపు లవణాలు తెల్లని వలయాలుగా మిగిలిపోతాయి. తాజా మరకలు పలుచన చేసిన వెనిగరుతో కరుగుతాయి. వదిలేస్తే పూతను తిని గుంటలు చేస్తాయి. అందుచేత కడగడానికీ పాలిష్‌కూ ఉదయం, నీడపట్టు, చల్లబడిన రేకు ఈ మూడూ కావాలి.

చాలా ఇళ్ళలో ప్రతి ఉదయం పొడి గుడ్డతో కారు తుడిచే అలవాటు ఉంది. ఎండలో సాలెగూడు వలె మెరిసే గుండ్రని గీతలకు ప్రధాన కారణాలలో ఇది ఒకటి. కారు శుభ్రంగా కనిపించాలనే శ్రద్ధే దాని పూతను పాడు చేస్తుంది.

పాలిష్‌కు ముందు కడగడం

ఇది ఏ సందర్భంలోనూ మానరాని దశ. దుమ్ము ఉన్న పూతపై యంత్రం తిప్పితే ఆ దుమ్మే గరుకు కాగితంలా పనిచేస్తుంది. మొదట చేయి తాకించకుండా నీటి ధారతో వదులు దుమ్మును దించాలి. తరువాత మైనం కలపని షాంపూతో పైకప్పు నుండి కిందికి, నిలువు గీతల్లో కడగాలి. షాంపూ నీళ్ళకు ఒక బకెట్టు, గుడ్డను జాడించడానికి మరొక బకెట్టు ఉండాలి. చక్రాలకు వాడిన గుడ్డను పైభాగానికి వాడరాదు.

కడిగిన తరువాత కూడా చేతికి గరుకుగా తగిలితే పూతలో బ్రేకుల ఇనుప రజను, తారు చుక్కలు ఇరుక్కున్నట్లు లెక్క. ఇనుప రజనును కరిగించే ద్రావణం దానితో చర్య జరిపి ఊదా రంగుకు మారుతుంది. మిగిలిన మలినాన్ని జారుడు ద్రవం చల్లి క్లే అనే మెత్తని ముద్దతో తీస్తారు. ఈ ముద్ద నేల మీద పడితే పారవేయాలి. ఆపైన మరొకసారి కడిగి, అద్దాల సందుల్లో, తలుపు పిడుల్లో నిలిచిన నీటిని గాలితో ఊది, పూర్తిగా ఆరబెట్టాలి. ఆ నీరు పాలిష్ సమయంలో జారి వస్తే రాపిడి పదార్థం పలుచబడుతుంది, మాస్కింగ్ టేపు కూడా అంటుకోదు.

పాలిష్ మధ్యలో

ఈ దశలో అభిప్రాయ భేదాలు ఉన్నాయి. కరీంనగర్ గ్రానైటు యూనిట్లలో రాతిపలకను నునుపు చేసే విధానం చూస్తే మూలసూత్రం తెలుస్తుంది. అక్కడ ముతక రాపిడి నుండి సన్న రాపిడికి మారేటప్పుడు పలకపై మిగిలిన ముతక రేణువులను నీటితో కడిగివేస్తారు. ఒక్క రేణువు మిగిలినా తరువాతి దశ మెరుగుపై గీత పడుతుంది. కారుపై నీటితో గరుకు కాగితం పట్టినప్పుడు ఇదే నియమం వర్తిస్తుంది. 2000 నంబరు నుండి 3000 నంబరుకు మారే ముందు ఆ భాగాన్ని కడగడం తప్పనిసరి.

యంత్రంతో కాంపౌండు పట్టిన తరువాత మాత్రం ప్రతిసారీ కడగనవసరం లేదు. మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, ప్యాడు మార్చి, సన్న పాలిష్‌కు వెళ్ళవచ్చు. అనవసరంగా కడిగి తుడిచిన ప్రతిసారీ కొత్త గీతలు పడే అవకాశం ఉంది. అయితే పని మరునాటికి వాయిదా పడి కారుపై దుమ్ము కూర్చున్నా, ప్యాడు నుండి రాలిన పొడి ఎక్కువైనా మళ్ళీ కడగాలి. యంత్రపు రాపిడికి వేడెక్కిన రేకుపై వెంటనే నీళ్ళు పోయరాదు.

పాలిష్ తరువాత

పాలిష్ పదార్థంలోని నూనెలు సన్న గీతలను తాత్కాలికంగా కప్పివేస్తాయి. పని ముగిసిన రోజు అద్దంలా ఉన్న కారు రెండు మూడు సార్లు కడిగాక మళ్ళీ గీతలతో కనిపించడానికి కారణం ఇదే. నూనె తీసి చూడనిదే పని పూర్తయిందని చెప్పడానికి వీలులేదు. కొందరు సాదా షాంపూతో కడుగుతారు. కొందరు నీరు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడుస్తారు. సందుల్లో పొడి చేరిన కారుకు కడగడమే మేలు, ఆరాక ఆల్కహాలుతో తుడవడం దానికి తోడు. నంబరు ప్లేటు అంచులలో, రబ్బరు పట్టీలపై ఎండిన పాలిష్ తెల్లగా గట్టిపడి తరువాత ఒక పట్టాన వదలదు కనుక ఆ పని అదే రోజు చేయాలి.

దీని తరువాత మైనం గాని సెరామిక్ పూత గాని వేస్తారు. నూనె మిగిలిన ఉపరితలానికి సెరామిక్ సరిగా పట్టదు. వేసిన మొదటి రోజు నీరు తగలకుండా చూసి, సుమారు వారం వరకు షాంపూతో కడగకుండా ఉండాలని తయారీదారులు సాధారణంగా సూచిస్తారు.

కొత్తగా రంగు వేయించిన భాగాల సంగతి వేరు. వేడి గదిలో ఆరబెట్టిన రంగు త్వరగా గట్టిపడుతుంది. ఆరుబయట ఆరిన రంగులో ద్రావకాలు చాలా రోజులు మిగిలి ఉంటాయి. అటువంటి పూతకు సుమారు నెల రోజులు మైనం పట్టించరాదు. సాదా నీటితో సుతారంగా కడగవచ్చు.

దసరాకు, కొత్త బండి కొన్నప్పుడు వాహన పూజ చేయించడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. కొండగట్టు ఆంజనేయస్వామి ఆలయానికి ఇందుకోసం దూరప్రాంతాల నుండి కూడా వస్తారు. బానెట్‌పై పెట్టిన పసుపు, కుంకుమలను ఎండిన తరువాత గోటితో గాని పొడి గుడ్డతో గాని గీకరాదు. నీటితో నానబెట్టి, షాంపూతో దించాలి. తెల్ల కార్లపై పసుపు ఛాయ మిగిలితే పాలిష్‌కు తొందరపడనవసరం లేదు. పసుపు రంగు ఎండకు వెలిసిపోయే గుణం కలది, కొద్ది రోజుల్లో చాలావరకు దానంతట అదే పోతుంది.