స్వస్థత కూడికలూ, క్షయ మాత్రలూ

మీర్‌పేట్‌లో ఆదివారం ఉదయం నడకకు బయలుదేరితే నాలుగు వీధులకొక చోట ప్రార్థన పాటలు వినిపిస్తాయి. ఒక మందిరం అద్దె ఇంటి పై అంతస్తులో, మరొకటి రేకుల షెడ్డులో. గుమ్మం మీది ఫ్లెక్సీలో తరచుగా కనబడే మాట ‘స్వస్థత కూడిక’. వైద్యునిగా ఆ మాట నన్ను చాలాకాలం చికాకుపరచింది. దాని చరిత్ర చదివిన పిమ్మట చికాకు పూర్తిగా పోలేదు గాని, తొందరపాటు తగ్గింది.

పెంతెకొస్తు ఉద్యమం ప్రపంచ దృష్టికి వచ్చినది 1906లో, లాస్ ఏంజెలెస్ నగరంలోని అజూసా వీధిలో. అక్కడ బోధించిన విలియం సేమూర్ నల్లజాతి వాడు, బానిసత్వం అనుభవించిన తల్లిదండ్రుల కుమారుడు. ఆత్మ వరాలతో పాటు ప్రార్థన వలన రోగం నయమగుననే విశ్వాసం ఆ ఉద్యమానికి ఆయువుపట్టు. కొద్ది ఏళ్ళకే అది కేరళ చేరింది. అక్కడి నాయకుడు కె.ఇ. అబ్రహాం విదేశీ మిషనరీల పెత్తనం నుండి విడివడిన భారతీయ సంఘాన్ని కోరుకున్నారు. ఆ ఇండియన్ పెంతెకొస్తు సంఘం చట్టబద్ధంగా రిజిస్టరైనది ఎక్కడనుకున్నారు? కేరళలో కాదు, మన ఏలూరులో, 1935లో. కేరళ నుండి వచ్చి ఆంధ్రలో స్థిరపడిన పి.ఎం. శామ్యూల్ ఇక్కడ ఆ సంఘానికి పునాది వేసినవారు.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి. 1935లో క్షయ రోగికి వైద్యుడు ఏమి ఇవ్వగలిగేవాడు? విశ్రాంతి, మంచి గాలి, పాలు, గుడ్లు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నదే 1943లో. పల్లెలో కూలివాని వద్దకు వైద్యుడు రాడు, వచ్చినా అతని సంచిలో మందు లేదు. తలమీద చేయి వేసి, పేరు పెట్టి పిలిచి, రాత్రంతా మోకాళ్ళ మీద ఉండే మనిషి మాత్రం వచ్చాడు. నాటి రోగి ఎవరిని నమ్మాలి?

అలాగని క్రైస్తవులందరూ మందును కాదన్నారనుకోవద్దు. మదనపల్లె వద్ద ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం 1912లో పలు ప్రొటెస్టెంటు మిషన్ల ఉమ్మడి కృషిగా మొదలైనదే. ఒకే మతంలో ఆసుపత్రి దారి, ప్రార్థన దారి రెండూ పక్కపక్కనే సాగాయి.

హైదరాబాదు వరకు వస్తే మరువరానివారు బక్త్ సింగ్. ఆయన పెంతెకొస్తు కాదు, సువార్తికుడు. 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువుకై ఇంగ్లండు, కెనడా వెళ్ళి, అక్కడ క్రైస్తవుడై 1933లో తిరిగి వచ్చారు. విదేశీ మిషన్ల జీతం మీద ఆధారపడని స్థానిక సంఘాలను కట్టారు. ముషీరాబాదు ప్రాంతంలోని ‘హెబ్రోను’ ఆయన కేంద్రం. అంతటి ప్రార్థనాపరుడు చివరి ఏళ్ళలో పార్కిన్సన్స్ వ్యాధితో మంచం పట్టారు. 2000 సెప్టెంబరు 17న కన్నుమూశారు. విశ్వాసం లోపించినందువల్లనే రోగం తగ్గలేదని నేడు కొందరు రోగులను నిందిస్తున్నారు. వారు ఈ జీవితం చదవాలి.

ఇక నేను చూసిన సంగతి. ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వద్ద రోగులను చూస్తున్న రోజులవి. ఒక యువకుడు క్షయ మాత్రలు రెండు నెలలు వాడి, కూడికలో స్వస్థత పొందానని మానేశాడు. దగ్గు నిజంగానే తగ్గింది, ఆకలి పెరిగింది. ఇది మందు చేసే పనే. మొదటి రెండు నెలల్లో చాలా క్రిములు చచ్చి, మొండివి కొన్ని దాగి ఉంటాయి. వాటి కోసమే ఆరు నెలల చికిత్స. నాలుగు నెలలకు అతడు కఫంలో నెత్తురుతో తిరిగి వచ్చాడు. ఇంట్లో ఏడాది నిండని పాప.

కోపంతో ఆ పాస్టరు గారింటికి వెళ్ళాను. మందు మానమని తాను చెప్పలేదన్నారు. “వాడమని చెప్పారా?” అని అడిగాను. కొంతసేపు మౌనంగా ఉండి, “ఇకమీదట నా ఎదుటే మింగిస్తాను, డాక్టరు గారూ” అన్నారు. మందులకు లొంగని క్షయ కాదని పరీక్షలో తేలాక చికిత్స మళ్ళీ మొదటి నుంచి ప్రారంభమైంది. పాపనూ పరీక్ష చేయించాము, అదృష్టవశాత్తు వ్యాధి సోకలేదు. మాత్రలు పూర్తయ్యాక కఫ పరీక్షలో క్రిములు కనబడలేదు. కూడికలో సాక్ష్యం చెబుతూ ఆ యువకుడు మాత్రల ప్రస్తావనే మరచిపోయాడట. పాస్టరు గారే లేచి గుర్తు చేశారట.