ఎత్తుడు యంత్రానికి మోటారు బలం లెక్కింపు

షెడ్డులో గానీ ఇంటిదగ్గర గానీ సొంతంగా కట్టుకునే ఎత్తుడు యంత్రానికి ఎంత మోటారు కావాలో తేల్చే పద్ధతి ఇది. బరువు, డ్రమ్ము వ్యాసార్థం, ఎత్తే వేగం, దక్షత అనే నాలుగే దీనికి ఆధారం. ఉత్తరాంధ్రలో ఈ లెక్క అవసరం బాగా కనిపించే చోట్లలో సాలూరు ఒకటి.

నేపథ్యం

వేగావతి ఒడ్డునున్న సాలూరు 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాలోది, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోది. ఒకప్పటి 43వ, ఇప్పటి 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరు దాటాక ఘాటెక్కి కోరాపుట్ వైపు సాగుతుంది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత లారీలు ఎక్కువున్న ఊరని సాలూరుకు ప్రతీతి. లెక్కలు కాలాన్ని బట్టి మారి ఉండవచ్చు గానీ, రవాణాతోపాటు బాడీ బిల్డింగు, మెకానిక్ పనులు ఊరికి అన్నం పెట్టాయన్నది నిర్వివాదం.

లారీ ఇంజను దించాలంటే ఇలాంటి షెడ్లలో వాడేది చైన్ బ్లాకు. అది రెండు పనులు చేస్తుంది: చేతి లాగుడును పలు రెట్లు చేస్తుంది, చెయ్యి వదిలినా బరువును జారనివ్వదు. చెయ్యి స్థానంలో మోటారు పెట్టేవారు మొదటిదాన్నే లెక్కవేసి రెండోదాన్ని మరవడం సాధారణంగా జరిగే పొరపాటు.

లెక్క

కిలోల బరువును 9.81తో గుణిస్తే న్యూటన్లలో బలం వస్తుంది. దాన్ని డ్రమ్ము వ్యాసార్థంతో (మీటర్లలో) గుణిస్తే టార్కు, సెకనుకు ఎన్ని మీటర్లు ఎత్తాలో దానితో గుణిస్తే వాట్లలో సామర్థ్యం వస్తాయి. చిన్న మోటారైనా గేర్లు తగ్గిస్తూ పోతే పెద్ద బరువును ఎత్తగలదు, కాకపోతే నెమ్మదిగా ఎత్తుతుంది. కనుక ఎంత వేగంగా ఎత్తాలో ముందే నిర్ణయించుకోనిదే మోటారు పరిమాణం తేలదు.

ఇంజను 500 కిలోలు, డ్రమ్ము వ్యాసార్థం 5 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 3 మీటర్లు అనుకుందాం. బలం 4,905 న్యూటన్లు, టార్కు సుమారు 245 న్యూటన్ మీటర్లు, సామర్థ్యం సుమారు 245 వాట్లు. డ్రమ్ము నిమిషానికి తొమ్మిదిన్నర చుట్లు తిరగాలి. మోటారు 1,440 చుట్లు తిరిగేదైతే గేరు నిష్పత్తి 150 దగ్గర ఉండాలి. అంత తగ్గింపు ఇచ్చే వర్ము గేరులో ఘర్షణ ఎక్కువ కనుక మొత్తం దక్షతను సగంగా తీసుకోవడం మేలు. అప్పుడు కావలసింది 490 వాట్లు, ఒకటిన్నర రెట్లు భద్రత కలిపితే 735. అంటే ఒక హెచ్.పి. మోటారు.

హెచ్.పి. కొలమానం

అశ్వసామర్థ్యాన్ని జేమ్స్ వాట్ 1780లలో నిమిషానికి 33,000 అడుగు-పౌండ్లుగా స్థిరపరిచాడు. ఈ అంకె ఎలా వచ్చిందన్న దానిపై కథనాలు ఒకటి కావు. గని పోనీల పనిని 22,000గా కొలిచి దానికి సగం కలిపాడని ఒకటి. మర చక్రాన్ని 12 అడుగుల వ్యాసార్థంలో గంటకు 144 సార్లు, 180 పౌండ్ల బలంతో గుర్రం తిప్పుతుందని అంచనా వేశాడని మరొకటి. రెండో లెక్క 32,572కు వచ్చి సహజంగా 33,000కు సర్దుకుంటుంది కనుక అదే నమ్మదగినదిగా తోస్తుంది. బ్రిటిష్ హెచ్.పి. 746 వాట్లు, మెట్రిక్ హెచ్.పి. 735.5. గేర్లలో పోయే శక్తి ముందు ఈ తేడా లెక్కలోది కాదు.

ఓల్టేజి

ఇండక్షన్ మోటారు కదలడానికి ఇచ్చే తొలి టార్కు ఓల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. 230 ఉండాల్సిన చోట 190 ఓల్టులే వస్తే అది 68 శాతానికి పడిపోతుంది. బరువు వేలాడుతుండగా మొదలవ్వాల్సిన యంత్రానికి ఇదే అసలు పరీక్ష. పైగా ఆగి ఉన్న వర్ము గేరులో ఘర్షణ తిరుగుతున్నప్పటికంటే ఎక్కువ. ఫ్యాన్లలో వాడే తరహా శాశ్వత కెపాసిటర్ మోటార్లకు తొలి టార్కు తక్కువ కనుక ఈ పనికి అవి తగవు. త్రీఫేజు మోటారు గానీ కెపాసిటర్ స్టార్టు మోటారు గానీ వాడాలి.

భారం తగ్గించే మార్గాలు

కొక్కెం దగ్గర కదిలే గిలక ఒకటి చేరిస్తే డ్రమ్ము మీద టార్కు దాదాపు సగమవుతుంది, ఎత్తే వేగం కూడా సగమవుతుంది. పెద్ద మోటారు కొనేకంటే ఇది మేలైన దారి. ఎదురు బరువు మరో మార్గం. పొలాల్లో నీరు తోడిన ఏతంలో దూలం మీద అటూ ఇటూ నడిచే మనిషి బరువే ఆ పని చేసేది. మేడల లిఫ్టుల్లో పెట్టె బరువుకు, మోయాల్సిన గరిష్ఠ భారంలో 40 నుంచి 50 శాతం కలిపి ఎదురు బరువు కడతారు. మోటారు మోసేది మిగిలిన తేడానే.

నిలుపుదల

వర్ము గేరు వెనక్కి తిరగదన్న నమ్మకం పూర్తిగా నిజం కాదు. సాధారణ సిద్ధాంతం ప్రకారం దక్షత సగానికి తక్కువగా ఉన్న గేరుకే ఆ గుణం ఉంటుంది. నూనె, అరుగుదల, అదురు దాన్ని కూడా జార్చవచ్చు. కరెంటు పోగానే తనంత తానే పట్టే విద్యుదయస్కాంత బ్రేకు, కొక్కెం పైకొచ్చినప్పుడు ఆపే లిమిట్ స్విచ్చి తప్పనిసరి. ఇనుప తాడు ఎత్తే బరువుకు కనీసం ఐదు రెట్లు ఓర్చుకోవాలి. వాడుకకు ముందు పావు వంతు అదనపు బరువుతో, నేలకు కొద్ది ఎత్తులోనే పరీక్షించాలి. ఇలా కట్టిన యంత్రంతో మనుషులను ఎత్తకూడదు, వేలాడే బరువు కింద ఎవరూ నిలబడకూడదు. మోటారు లెక్క తప్పితే పని ఆగుతుంది, బ్రేకు లెక్క తప్పితే ప్రాణం పోతుంది.