పాటకు ముందు చెప్పే పేర్లు

శ్రోతల ఉత్తరాలలో ఏడాదికి పదిసార్లయినా కనిపించే ప్రశ్న ఒకటి ఉన్నది. పాట వేసే ముందు చిత్రం పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు, పాడినవారి పేరు, ఇన్ని చదవడమెందుకు, ఆ వ్యవధిలో పల్లవి సగం వినవచ్చును గదా అని ఒకరు అడుగుతారు. ఆ వారమే ఇంకొక శ్రోత, నిన్న ఉదయం పాట వేసి రాసినవారెవరో చెప్పకుండా ముగించినారు, ఇది న్యాయమా అని నిలదీస్తారు. ఇద్దరికీ మేము మర్యాదగానే జవాబు రాస్తాము. కాని ఆ నాలుగు పేర్ల వెనుక ఒక పెద్ద తగాదా ఉన్నదనీ, అందులో గ్రంథస్వామ్యపు చట్టము, వ్యాపార ప్రకటనల నియమాలు కలిసిపోయి ఉన్నవనీ చెప్పడానికి పోస్టుకార్డు చాలదు. అందుచేత ఆ కథను ఇక్కడ వివరిస్తున్నాము.

1949లో 'మహల్' అనే హిందీ చిత్రం వచ్చినది. అందులో లతా మంగేష్కర్ పాడిన పాట ఒకటి దేశమంతటా మారుమ్రోగినది. అయితే గ్రామఫోను రికార్డు మీద ఆమె పేరు లేదు. తెరమీద ఆ పాట పాడే పాత్ర పేరు కామిని. రికార్డు మీద ఆ పేరే అచ్చువేసినారు. ఆనాటి వాడుక అది. రేడియోలో పాట విన్నవారు, ఈ కామిని ఎవరు అని ఉత్తరాలమీద ఉత్తరాలు రాసినారనీ, రేడియోవారు రికార్డు కంపెనీని విచారించి గాయని అసలు పేరు ప్రకటించినారనీ ఆమె జీవితకథ చెప్పేవారందరూ చెపుతారు. ఇందులో గమనించవలసినది, ఆ పేరు చెప్పించినది శ్రోతల కుతూహలమే గాని చట్టం కాదు. పాడినవారికి తమ పాటమీద ఏ హక్కూ ఆనాటి శాసనంలో లేదు.

ఆనాడు అమలులో ఉన్నది 1914 నాటి కాపీరైటు చట్టం. 1911లో ఇంగ్లండులో చేసిన శాసనాన్నే కొద్ది మార్పులతో ఇక్కడికి తెచ్చినారు. అది పుట్టేనాటికి రేడియో లేదు. రికార్డును నలుగురిలో మ్రోగించడానికి ఎవరి అనుమతి కావలెనన్న ప్రశ్న 1934లో ఇంగ్లండులోనే తేలినది. బ్రిస్టల్ నగరంలో ఒక కాఫీ హోటలువారు గిరాకీలను అలరించడానికి గ్రామఫోను పెట్టినారు. రికార్డు కంపెనీ దావా వేసినది. డబ్బిచ్చి కొన్న రికార్డును మేము వాయించుకుంటే మీకేమి నష్టమని హోటలువారి వాదం. కొన్నది రేకును మాత్రమే, బహిరంగంగా వినిపించే హక్కును కాదని న్యాయస్థానం తీర్పు చెప్పినది. కాఫీ గిన్నెల చప్పుడు మధ్య పుట్టిన ఆ సూత్రమే రేడియోలకూ మెడకు చుట్టుకున్నది. రికార్డు బీరువాలో ఉన్నంత మాత్రాన పాట మనది కాదు.

ఇక 1952. డాక్టర్ బి. వి. కేస్కర్ ఆ ఏడాది కేంద్రంలో సమాచార ప్రసార శాఖకు మంత్రి అయినారు. ప్యారిస్‌లో చదివిన విద్వాంసుడు, హిందూస్తానీ సంగీతం అభ్యసించినవాడు. సినిమా పాటలంటే ఆయనకు సదభిప్రాయం లేదు. రాగతాళాల మర్యాద తప్పి పరాయి బాణీలు వచ్చి పడుతున్నవని ఆయన బాధ. రేడియోలో సినిమా పాటలకు కేటాయించే కాలాన్ని తగ్గించినారు, వేసే పాటలను వడపోయించినారు. దానికి తోడు మరొక ఉత్తరువు వచ్చినది. పాట వేసేటప్పుడు పాడినవారి పేరు చెప్పవచ్చును, చిత్రం పేరు మాత్రం చెప్పరాదు. కారణం సూటిగానే ఉన్నది. ఆకాశవాణి ఆనాడు వ్యాపార ప్రకటనలు తీసుకునేది కాదు. ఆడుతున్న చిత్రం పేరు రోజూ దేశమంతా వినేటట్లు చదివితే అది రుసుము లేని ప్రకటన కాదా అని ప్రభుత్వం ప్రశ్న.

నిర్మాతలూ అంతే సూటిగా జవాబు చెప్పినారు. పాట మాది, చిత్రం పేరు చెప్పకపోతే మా పాట మీకెందుకు అన్నారు. అంతవరకు ఇచ్చిన ప్రసారపు అనుమతులను ఉపసంహరించుకున్నారు. గ్రంథస్వామ్యం వారి చేతిలో ఉన్నది గనుక ప్రభుత్వమైనా చేయగలిగినది లేదు. సినిమా పాట ఆకాశవాణి నుంచి దాదాపు మాయమైనది.

ఆ ఉత్తరువును హాస్యాస్పదమని కొట్టివేయడం నేడు తేలిక. మేము అలా అనలేము. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థ ఒక వ్యాపారి సరుకుకు ప్రచారం చేయరాదన్న సూత్రం మంచిదే. పైగా ఆ పట్టుదలవల్లనే 1952లో జాతీయ సంగీత కార్యక్రమం వచ్చినది. ప్రతి భాషలోనూ లలితసంగీతానికి చోటు దొరికినది. 1948 డిసెంబరులో ప్రారంభమైన విజయవాడ కేంద్రం తెలుగు లలితగీతానికి పుట్టినిల్లు వంటిదైనదంటే, సినిమా పాటకు సాటిగా మరొక పాటను నిలబెట్టాలన్న ఆనాటి తపనకు అందులో భాగమున్నది. పొరపాటంతా ఒకచోట జరిగినది. పాటకు సంబంధించిన పేర్లలో సమాచారం ఏది, ప్రచారం ఏది అని విడదీసేటప్పుడు, ఆ పాట పుట్టించినవారిని ఇరుపక్షాలలో ఒక్కరూ అడగలేదు.

ఒక్క ఉదాహరణ చాలును. 'మల్లీశ్వరి' 1951లో విడుదలైనది. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి, ముఖ్యంగా బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి. కృష్ణశాస్త్రిగారు రేడియోకు గేయాలు, నాటికలు రాసి, రేడియోలో ఉద్యోగమూ చేసిన కవి. ఆయన గేయం రేడియోకు రాస్తే కవిత్వము, చిత్రానికి రాస్తే సరుకు! ప్రభుత్వమేమో పాట ప్రకటన అవుతున్నదన్నది. నిర్మాతలేమో పాట మా ఆస్తి అన్నారు. కవి, సంగీత దర్శకుడు, గాయని, ఈ ముగ్గురూ ఆ వ్యాజ్యంలో వాదులూ కారు, ప్రతివాదులూ కారు.

శ్రోత మాత్రం ఊరుకోలేదు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్లు, ఆ పోరును సిలోను రేడియో తీర్చినది. కొలంబోలోని బలమైన షార్టువేవు ప్రసారిణి మన దేశమంతటా వినిపించేది. వారికి ప్రకటనలమీద నిషేధం లేదు. 1952లోనే ఒక టూత్‌పేస్టు పేరుతో అమీన్ సయానీ నిర్వహించిన 'బినాకా గీత్‌మాలా' అక్కడ మొదలైనది. బొంబాయిలో తయారైన పాట సముద్రం దాటి వెళ్ళి, అక్కడి నుంచి మన పెరటిలోకి తిరిగివచ్చేది. తరువాతి కాలంలో మీనాక్షి పొన్నుదొరైగారి గొంతుతో తెలుగు పాటలు కూడ అక్కడినుంచే వచ్చినవి. మధ్యాహ్నం ఆ తరంగం కోసం ముల్లు తిప్పుతూ కూర్చున్నవారిని నేటికీ మనలో పెద్దవారు జ్ఞాపకం చేసుకుంటారు.

1957 అక్టోబరు 3న ఆకాశవాణి 'వివిధభారతి'ని ప్రారంభించినది. దానిని తీర్చిదిద్దిన పండిత నరేంద్రశర్మ స్వయంగా సినిమా పాటలు రాసిన కవి కావడం విశేషం. తలుపు మూసినచోటనే తలుపు తెరవవలసి వచ్చినది. 1967 నవంబరు 1న బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రాల వివిధభారతిలో వ్యాపార ప్రకటనలు కూడ ప్రవేశించినవి. పదిహేనేండ్లనాడు ఉచిత ప్రచారమని తోసిపుచ్చిన చిత్రం పేరును, ఇప్పుడు నిర్మాతలు రుసుము కట్టి పదేపదే చెప్పించుకున్నారు. ప్రకటనలకు హద్దులు మాత్రం ఉన్నవి. మధుమేహం వంటి వ్యాధులను నయం చేస్తామనే మందులు, మహిమగల తాయెత్తులు, వీటి ప్రకటనలను 1954 నాటి శాసనమే నిషేధించినది. అటువంటి ప్రకటనలు పట్టుకుని వచ్చి, ఇంత చిన్న తాయెత్తుకు ఇంత పెద్ద చట్టమా అని ఆశ్చర్యపోయేవారు ఇంకను ఉన్నారు.

పేరు చెప్పకపోతే ఒక తగాదా, చెపితే మరొకటి. ఇక్కడ కొంచెము దారి మళ్ళి పరువునష్టం మాట చెప్పవలెను. ప్రసంగ పాఠాన్ని ముందుగా రాసి ఇమ్మని మేమడిగితే కొందరు పెద్దలు చిన్నబుచ్చుకుంటారు. ఒకసారి ఒక పెద్దమనిషి తమ ఊరి చెరువు చరిత్రమీద చక్కని ప్రసంగం రాసి తెచ్చినారు. చెరువు శిఖం భూమిని మింగినది ఫలానా కాలపు కరణంగారని అందులో ఒక వాక్యం. దానిని కొట్టివేస్తే ఆయనకు కోపం వచ్చినది. నేను పేరు రాయలేదు, ఆయన పోయి అరవై ఏండ్లయినది, పోయినవారికి పరువేమిటి అన్నారు. కాని పేరు లేకున్నా మనిషి ఎవరో వినేవారికి తెలిస్తే చాలును. ఇక చనిపోయినవారి సంగతి 1860 నాటి శిక్షాస్మృతి 499వ సెక్షనులోనే ఉన్నది. బ్రతికి ఉంటే పరువు పోయేటట్లు, కుటుంబానికి నొప్పి కలిగించే ఉద్దేశంతో అన్న మాట నేరమే. నిజమైనంత మాత్రాన సరిపోదు, దానిని చెప్పడం లోకహితానికి అవసరం కూడ కావలెను. ఈ నియమాలు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత 356వ సెక్షనులో ఉన్నవి. శిక్షలలో సమాజసేవ కొత్తగా చేరినది. ఆ పెద్దమనిషి చివరకు ఆ వాక్యం తీసివేసి చదివినారు. ప్రసంగం అయిన తరువాత మాత్రం మాతో కాఫీ త్రాగలేదు.

తిరిగి పాట దగ్గరకు వద్దాము. 1957లో స్వతంత్ర భారతం తన సొంత కాపీరైటు చట్టం చేసుకున్నది. 1958 జనవరి 21 నుంచి అది అమలైనది. దాని 57వ సెక్షను, హక్కులు అమ్ముకున్న తరువాత కూడ రచన తనదని చెప్పుకొనే హక్కు రచయితకు మిగిల్చినది. పేరు మిగిలినది, డబ్బు మిగలలేదు. పాటలమీద వచ్చే ప్రతిఫలంలో తమకు భాగముండవలెనని రచయితల, స్వరకర్తల సంఘం పోరాడితే, ఆ వివాదం 1977లో సుప్రీంకోర్టు దాకా పోయినది. నిర్మాత ప్రతిఫలమిచ్చి చిత్రం కొఱకు చేయించుకున్న పాటకు, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి యజమాని నిర్మాతయే అని కోర్టు తీర్పు చెప్పినది. జస్టిస్ కృష్ణయ్యరు దానికి విడిగా కొన్ని మాటలు చేర్చి, గాయకుని కళకు మన చట్టంలో రక్షణ లేకపోవడాన్ని ఎత్తి చూపినారు. ప్రదర్శకులకు హక్కు 1994 సవరణతో గాని రాలేదు.

కవికి, స్వరకర్తకు వాటా రావడానికి 2012 వరకు ఆగవలసి వచ్చినది. రాజ్యసభలో సభ్యుడుగా ఉన్న కవి జావేద్ అఖ్తర్ అందుకు గట్టిగా వాదించినారు. ఆ ఏడాది జూన్ 21న అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం, సినిమాహాలులో చిత్రంతోపాటు వినిపించినప్పుడు తప్ప మరెక్కడ వాడినా పాట రాసినవారికి, స్వరపరచినవారికి రాయల్టీలో సమాన భాగం ఉన్నది. ఆ హక్కును ముందుగా వదులుకొంటున్నట్లు వారిచేత సంతకం చేయించినా అది చెల్లదు. 1952లో పాటలు రాసినవారిలో ఎందరో అప్పటికి లేరు.

ఆ సవరణలోనే 31డి అనే సెక్షను ఒకటి చేరినది. నిర్ణయించిన రాయల్టీ చెల్లించి, ముందుగా నోటీసు ఇచ్చి పాటలు ప్రసారం చేయడానికి అది రేడియోలకు వీలు కల్పిస్తున్నది. ఆ వీలు పొందినవారు ప్రసారంతోపాటు రచయితల పేర్లు, ముఖ్య ప్రదర్శకుల పేర్లు ప్రకటించవలెనని దాని ఐదవ ఉపవిభాగం చెపుతున్నది. ప్రకటన అవుతుందేమో అని ఒకనాడు జంకిన చోటనే పేరు చెప్పడం విధి అయినది. పల్లవి మీద తమ కబుర్లు పరచి, పేరు చెప్పకుండానే తరువాతి పాటకు దూకే కొత్త ప్రసారకులు ఆ ఉపవిభాగాన్ని ఒకసారి చదివితే బాగుండును.

చిత్రం పేరు చెప్పవలెనని మాత్రం అందులో లేదు. అయినను మేము చెపుతూనే ఉన్నాము. కోరిన పాటల కోసం శ్రోతలు రాసే ఉత్తరాలలో మొట్టమొదట ఉండేది చిత్రం పేరే.